భాషా మోడల్ ఏజెంటుకు వృత్తి జ్ఞానం ఎక్కించడం ఎలా: జీఎస్టీ ఆఫీసు పనితో అంచెలంచెలుగా

"మాది కిరాణా షాపండీ. ఏడాదికి 28 లక్షల దాకా తిరుగుతుంది. జీఎస్టీ నంబరు తీసుకోవాలా?"

ఈ ప్రశ్నను ఇంతే ముక్కగా చాట్‌బాట్‌కు వేస్తే ఎక్కువగా వచ్చే జవాబు: సరుకులు అమ్మేవాళ్లకు పరిమితి 40 లక్షలు, కాబట్టి అక్కర్లేదు. షాపు జగ్గయ్యపేటలో ఉంటే ఆ జవాబుతో ఇబ్బంది లేదు. అదే హైవే మీద సరిహద్దు దాటి కోదాడలో ఉంటే మాత్రం తప్పు. 2019 ఏప్రిల్ 1 నుంచి సరుకుల వ్యాపారులకు పరిమితిని 40 లక్షలకు పెంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఆ పెంపు తీసుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది.

"తెలంగాణలో పరిమితి ఎంత?" అని సూటిగా అడిగితే అదే మోడల్ సరిగ్గా చెప్పే అవకాశం ఉంది. సమాచారం దాని దగ్గర ఉంది. "షాపు ఏ ఊళ్లో అండీ?" అని ముందుగా అడగాలని మాత్రం దానికి తోచలేదు. ట్యాక్స్ ఆఫీసులో పదేళ్లు కూర్చున్నవాళ్ల నోట మొదట వచ్చే మాట అదే. ఏజెంటుకు, అంటే భాషా మోడల్ మీద నడుస్తూ టూల్స్ (చిన్న కోడ్ పనిముట్లు) వాడుకుని పని చేసిపెట్టే ప్రోగ్రాంకు, వృత్తి జ్ఞానం ఎక్కించడమంటే ప్రధానంగా ఈ అడిగే వరస ఎక్కించడం. చట్టం పీడీఎఫ్‌లన్నీ పోసేసి పని అయిపోయిందనుకునే ప్రాజెక్టులు సరిగ్గా ఇక్కడే చతికిలపడతాయి.

కింద చెప్పిన పద్ధతికి జీఎస్టీని ఉదాహరణగా తీసుకున్నాను. విత్తనాల షాపు సలహాలకైనా, రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజులకైనా అంచెలు దాదాపు ఇవే.

మొదటి అంచె: పనిని చిన్నది చేయండి

"జీఎస్టీ అంతా తెలిసిన ఏజెంటు" అనేది పని కాదు, కోరిక. ఆఫీసులో రోజూ వచ్చే ప్రశ్నలు ఒక నెలపాటు రాసి పెట్టుకోండి. ఫోన్లో అడిగినవి, వాట్సాప్‌లో వచ్చినవి, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేసినవి, అన్నీ వచ్చింది వచ్చినట్టే. అక్షర దోషాలు కూడా దిద్దొద్దు, రేపు ఏజెంటుకు వచ్చేవి అవే. పేర్లు, ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబర్లు మాత్రం తీసేయండి. జీఎస్టీ నంబరులో మూడో అక్షరం నుంచి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్ నంబరే, కాబట్టి "అది పబ్లిక్ నంబరే కదా" అని వదిలేయడానికి లేదు.

ఆ ప్రశ్నల్లోంచి తరచుగా వచ్చేవి, జవాబు తేల్చదగినవి మూడు నాలుగు రకాలు ఎంచుకోండి. ఇక్కడికి మూడు చాలు: నంబరు తీసుకోవాలా వద్దా, రేటు మారిన రోజుల్లో బిల్లుకు ఏ రేటు వేయాలి, ఫలానా కొనుగోలు మీద ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) వస్తుందా రాదా.

రెండో అంచె: తెలిసినవాళ్ల నోటి నుంచి రాబట్టండి

అసలు కష్టం ఇక్కడే. ఇది కొత్త కష్టమేమీ కాదు. 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లో రక్తంలో ఇన్‌ఫెక్షన్లకు మందు సూచించడానికి మైసిన్ అనే ప్రోగ్రాం తయారైంది. డాక్టర్లను కూర్చోబెట్టి, వాళ్లు ఎలా తేలుస్తారో అడిగి, వందలకొద్దీ "ఇలా ఉంటే అలా" సూత్రాలు రాశారు. అప్పట్లోనే తేలిన సంగతి: ప్రోగ్రాం రాయడం కంటే నిపుణుడి బుర్రలో ఉన్నది బయటికి తీయడం కష్టం. మోడళ్లు ఇంత మారాయి కానీ ఆ ఇరుకు దారి ఇంకా అక్కడే ఉంది.

"సార్, రూల్స్ చెప్పండి" అని అడగకండి. అలా అడిగితే ఆడిటర్ గారు సెక్షన్లు చెబుతారు, అవి మోడల్‌కు మీకంటే బాగా వచ్చు. దానికి బదులు ఒక పాత కేసు ముందు పెట్టి, నోటితో అనుకుంటూ తేల్చమనండి. రికార్డు చేసుకోండి. ఆయన తేల్చాక రెండే ప్రశ్నలు వేయండి: "ఇందులో ఏది మారితే మీ జవాబు మారేది?" "కొత్తగా చేరిన కుర్రాడైతే ఇక్కడ ఎక్కడ పొరబడతాడు?"

కిరాణా షాపు కేసు మీద ఇలా కూర్చుంటే బయటపడేవి చూడండి. ఏ రాష్ట్రం. సరుకులేనా, ఏదైనా సర్వీసు కూడా ఉందా (సర్వీసు కలిస్తే ఆంధ్రాలోనూ 20 లక్షలే). బయటి రాష్ట్రానికి సరుకు పంపుతున్నారా (హస్తకళల్లాంటి కొన్నింటికి షరతులతో మినహాయింపు ఉంది, తక్కినవాళ్లకు టర్నోవర్ ఎంతున్నా నంబరు తప్పదు). ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం మీద అమ్ముతున్నారా. ఆ తర్వాత, ఆయన గొంతు కాస్త తగ్గించి అడిగే ప్రశ్న: "ఈ 28 లక్షల్లో విడి బియ్యం, పప్పులు కలిపే చెప్పారా, తీసేసి చెప్పారా?"

ఎందుకంటే చాలామంది వ్యాపారులు పన్ను లేని సరుకును టర్నోవర్‌లో కలపరు. చట్టం కలుపుతుంది. విడి బియ్యం 30 లక్షలు, పన్ను పడే సరుకు 12 లక్షలు అమ్మే ఆంధ్రా షాపు లెక్క 42 లక్షలు, అంటే పరిమితి దాటింది. మొత్తం అమ్మేది పన్ను లేని సరుకే అయితే మళ్లీ నంబరు అక్కర్లేదు. పైగా ఒకే పాన్ మీద దేశంలో ఎక్కడెక్కడ వ్యాపారం ఉన్నా అన్నీ కలిపి చూడాలి. "టర్నోవర్ ఎంత?" అనే ఒక్క ప్రశ్నకు వ్యాపారి ఇచ్చే అంకె, చట్టం అడిగే అంకె వేరువేరని ఆడిటర్ గారికి అలవాటుగా తెలుసు. ఎంత గట్టి మోడల్ అయినా, చెప్పకపోతే మీరిచ్చిన అంకెనే నమ్ముతుంది.

మూడో అంచె: ఏ జ్ఞానం ఎక్కడ ఉండాలో విడదీయండి

రాబట్టినదంతా ఒకే పెద్ద ప్రాంప్టులో (మోడల్‌కు రాసి ఇచ్చే సూచనలో) కుక్కితే రెండు నష్టాలు. ఖర్చు ఒకటి. రెండోది, మోడల్ ముందు పెట్టిన పాఠం పొడుగయ్యేకొద్దీ మధ్యలో ఉన్న విషయాన్ని మోడళ్లు సరిగా వాడుకోలేకపోవడం, దీన్ని 2023లోనే పరిశోధకులు చూపించారు. కాబట్టి విడదీయాలి.

ఎప్పుడూ కళ్ల ముందు ఉండాల్సినవి సిస్టమ్ ప్రాంప్టులో, అంటే ప్రతి సంభాషణకూ ముందు ఉండే స్థిరమైన సూచనల్లో పెట్టండి. అవి నాలుగైదు వాక్యాలు మించవు: రాష్ట్రం, తేదీ తెలియకుండా తేల్చవద్దు; రేటు, గడువు జ్ఞాపకం నుంచి చెప్పవద్దు; లెక్క నోటితో చేయవద్దు; ఆధారం తేదీతో సహా చూపించు.

ఒక్కో రకం ప్రశ్నకు తేల్చే పద్ధతిని విడి ఫైలుగా రాయండి. ఆంత్రోపిక్ 2025 అక్టోబరులో ఏజెంట్ స్కిల్స్ పేరుతో తెచ్చిన అమరిక ఇదే: ప్రతి స్కిల్‌కు ఒక ఫోల్డరు, అందులో పైన పేరు, ఎప్పుడు వాడాలో చెప్పే వివరణ, కింద అసలు పద్ధతి. ఏజెంటుకు మొదట కనిపించేది పేరు, వివరణ మాత్రమే. పని తగిలినప్పుడే మిగతాది తెరుస్తుంది. మీరు వాడే ఫ్రేమ్‌వర్క్ ఏదైనా ఈ అమరికను అనుకరించడం కష్టం కాదు.

చట్టం, నోటిఫికేషన్లు, సర్క్యులర్లు వెతికి తెచ్చుకునేచోట ఉండాలి. లెక్కలు, తనిఖీలు కోడ్‌లో ఉండాలి.

ఇక ఫైన్‌ట్యూనింగ్, అంటే మన ఉదాహరణలతో మోడల్‌కే మళ్లీ శిక్షణ ఇవ్వడం. అందరూ మొదట అడిగేది దీని గురించే, నేను చివరన పెడతాను. జవాబు తీరు, ఫార్మాటు, ఆఫీసు యాస నేర్పడానికి అది పనికొస్తుంది. రేట్లు నేర్పడానికి వాడితే మాత్రం 2025 సెప్టెంబరు 22న ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ రోజు నుంచి 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయి 5, 18, 40 మిగిలాయి. సిమెంటు, ఏసీలు 28 నుంచి 18కి, షాంపూ, టూత్‌పేస్టు 18 నుంచి 5కి వచ్చాయి. మోడల్ బరువుల్లో (శిక్షణలో నేర్చుకున్నది నిలిచి ఉండే అంకెల్లో) కలిసిపోయిన పాత రేటును ఏరి తీసేయడం మీ వల్ల కాదు. టేబుల్లో ఉంటే ఒక గడి మారిస్తే చాలు.

నాలుగో అంచె: స్కిల్ ఫైలు రాయండి

రేటు మారిన సమయంలో వచ్చే గొడవను తీసుకుందాం. దసరా ముందు ఏసీ బుక్ చేసినవాళ్లు షాపుకొచ్చి "రేటు తగ్గిందిగా, తేడా ఇవ్వండి" అన్నారు. జవాబు సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. చదివితే ఆరు ఉపభాగాలు, తల తిరుగుతుంది. ఆఫీసుల్లో వాళ్లు దాన్ని ఒక్క ముక్కలో పెట్టుకుంటారు: సరుకు ఇవ్వడం, బిల్లు వేయడం, డబ్బు అందడం, ఈ మూడింటిలో రెండు ఎటువైపు పడితే ఆ రేటు. ఆరు ఉపభాగాలతోనూ సరిపోల్చి చూడండి, లెక్క తప్పదు. ఇలాంటి పొట్టి సూత్రం దొరికితే ముందు చట్టంతో పోల్చుకుని, ఆ తర్వాతే ఫైలులోకి ఎక్కించండి. ఆఫీసుల్లో చెలామణీ అయ్యే సూత్రాలన్నీ ఇంత గట్టివి కావు.

ఫైలు దాదాపు ఇలా ఉంటుంది:

పేరు: రేటు మార్పు తేదీ
ఎప్పుడు వాడాలి: సరుకు, బిల్లు, డబ్బు తేదీల్లో కొన్ని రేటు మారిన తేదీకి ముందు, కొన్ని ఆ రోజున లేదా తర్వాత ఉన్నప్పుడు. "పాత రేటా కొత్త రేటా", "తేడా వెనక్కి ఇవ్వాలా", "అడ్వాన్సు ముందే కట్టాం" లాంటి మాటలు వచ్చినప్పుడు.
ముందు అడుగు: సరుకు అందిన తేదీ, బిల్లు తేదీ, డబ్బు అందిన తేదీ. మూడూ వచ్చేదాకా తేల్చవద్దు. "బుక్ చేసిన తేదీ" అని చెబితే అది ఈ మూడింటిలో ఏదీ కాకపోవచ్చు, మళ్లీ అడుగు.
తేల్చే పద్ధతి: మూడు తేదీల్లో రెండు మార్పు తేదీకి ముందు ఉంటే పాత రేటు, రెండు ఆ రోజున లేదా తర్వాత ఉంటే కొత్త రేటు. తేదీలు పోల్చడానికి టూల్ వాడు.
జాగ్రత్త: డబ్బు అందిన తేదీ అంటే పుస్తకంలో రాసిన రోజు, బ్యాంకులో పడిన రోజు, వీటిలో ముందుది. కానీ రేటు మారిన తేదీ నుంచి నాలుగు పనిదినాలు దాటాక బ్యాంకులో పడితే, పడిన రోజే లెక్క. చెక్కు అని చెబితే ఇది తప్పక చూడు.
ఉదాహరణ 1: బిల్లు, డబ్బు 20 సెప్టెంబరు, ఏసీ అందింది 25న. పాత రేటు, 28 శాతం. వెనక్కి ఇచ్చేది లేదు.
ఉదాహరణ 2: డబ్బు 15న, బిల్లు, ఏసీ 24న. కొత్త రేటు, 18 శాతం.
ఆపేయాల్సిన చోటు: సరుకు కొంత ముందు, కొంత తర్వాత అందితే; సర్వీసు నెలల తరబడి సాగేదైతే; బిల్లు తేదీ మార్చమని అడిగితే. మనిషికి అప్పగించు.

ఇందులో "ఎప్పుడు వాడాలి" అన్న భాగం మీద మిగతా ఫైలంతటి కంటే ఎక్కువ శ్రమ పెట్టండి. అక్కడ జనం వాడే మాటలు లేకపోతే ఏజెంటు ఆ ఫైలు తెరవదు, తెరవని ఫైలు ఎంత బాగా రాసినా ఒకటే. "సప్లై సమయం" అని చట్టం మాటల్లో రాస్తే లాయరు అడిగినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. షాపాయన "తేడా వెనక్కి ఇవ్వాలా" అంటాడు.

ఏ భాషలో రాయాలి? తెలుగు లిపి ఇంగ్లిష్ కంటే ఎక్కువ టోకెన్లు (మోడల్ పాఠాన్ని కోసుకుని చదివే ముక్కలు) తింటుంది, నిజమే. అయినా దిద్దాల్సిన మనిషి ఏ భాషలో హాయిగా చదువుతారో ఆ భాషలోనే రాయమంటాను. ఆడిటర్ గారు చదవని ఫైలును ఆడిటర్ గారు దిద్దరు.

ఐదో అంచె: చట్టం పుస్తకాలను తేదీలతో పేర్చండి

వెతికి తెచ్చే వ్యవస్థకు పత్రాలు ఇచ్చేటప్పుడు వెయ్యి అక్షరాలకో ముక్క అని కోయవద్దు. చట్టంలో ప్రాణమంతా "అయితే" అని మొదలయ్యే మినహాయింపు వాక్యాల్లో ఉంటుంది, అవి ఎప్పుడూ చివరే వస్తాయి. ముక్క అక్కడ తెగితే నియమం ఒకచోట, మినహాయింపు ఇంకోచోట పడతాయి. సెక్షన్ మొత్తం ఒక ముక్క, మరీ పొడుగైతే ఉపసెక్షన్, దాని మినహాయింపులతో సహా.

ప్రతి ముక్కకూ మూడు వివరాలు తగిలించండి: ఎప్పటి నుంచి అమలు, ఎప్పటి వరకు, దీన్ని మార్చింది ఏది. పాత నోటిఫికేషన్లు తీసేయకండి. 2025 ఆగస్టు బిల్లు గురించి ఇప్పుడు నోటీసు వస్తే కావాల్సింది పాత రేటే. ఏజెంటు ముందు లావాదేవీ తేదీ పట్టుకుని, ఆ తేదీకి అమల్లో ఉన్న ముక్కల్లోనే వెతకాలి. ఈ వడపోత లేని వెతుకులాటలో పాతదీ కొత్తదీ రెండూ బాగా పోలిక ఉన్నవిగా పైకి వస్తాయి, మోడల్ ఏదో ఒకటి ఎత్తుకుంటుంది.

నోటిఫికేషన్ నంబర్లు, సెక్షన్ నంబర్లు, హెచ్ఎస్ఎన్ కోడ్లకు (సరుకు రకాన్ని తెలిపే అంకెలకు) అర్థం ఆధారంగా వెతికే పద్ధతి ఒక్కటే సరిపోదు. పాతకాలపు మాటకు మాట వెతుకులాట కూడా పక్కన ఉండాలి. అలాగే ఒక చిన్న పదకోశం పెట్టండి: జనం అనే "ఇన్‌పుట్", "త్రీబీ", "జీరో బిల్లు", "కాంపోజిషన్" చట్టంలో దేనికి చెందుతాయో. పది పదిహేను మాటలతోనే తెలుగు ప్రశ్నకూ ఇంగ్లిష్ పత్రానికీ దారి పడుతుంది.

ఆరో అంచె: లెక్కలు కోడ్‌కు వదిలేయండి

జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. చివరి అక్షరం మిగతా వాటి నుంచి లెక్కగట్టి వచ్చేది. ఈ తనిఖీ మోడల్ మనసులో చేస్తే నమ్మలేం, కోడ్‌లో పది పన్నెండు లైన్ల పని. గడువులు కూడా అంతే. ఒక ఆర్థిక సంవత్సరం కొనుగోళ్ల ఇన్‌పుట్ తీసుకోవడానికి ఆ ఏడాది ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. ఇది తేదీల ఫంక్షన్.

కాబట్టి నాలుగు టూల్స్ చాలు: నంబరు తనిఖీ, తేదీల పోలిక, తేదీ ఇస్తే ఆ రోజు రేటు తెచ్చేది, గడువు చెప్పేది. వేరువేరు అప్లికేషన్లకు ఇవే టూల్స్ ఇవ్వాలనుకుంటే 2024 నవంబరులో వచ్చిన ఎంసీపీ ప్రమాణంలో (ఏజెంట్లకు టూల్స్ తగిలించే ఉమ్మడి పద్ధతిలో) ఒక సర్వర్‌గా పెట్టొచ్చు. ఒక్క ఆఫీసుకైతే మామూలు ఫంక్షన్లే చాలు. రిటర్ను వేయడం, పోర్టల్‌లో ఏదైనా మార్చడం లాంటి టూల్స్ మాత్రం మొదట్లో ఇవ్వకండి. చదివే అధికారం వేరు, నొక్కే అధికారం వేరు.

ఏడో అంచె: జంట ప్రశ్నలతో పరీక్షించండి

మొదటి అంచెలో పోగేసిన ప్రశ్నల్లోంచి ముప్పై నలభై తీసి, ఆడిటర్ గారితో జవాబులు రాయించి పెట్టుకోండి. స్కిల్ ఫైళ్లు రాసేటప్పుడు వీటిని చూడకూడదు. ఒక్కో ప్రశ్నకు జంట తయారు చేయండి: అంతా అదే, ఒక్క సంగతి మాత్రం వేరు. జగ్గయ్యపేట షాపు, కోదాడ షాపు. బిల్లు 20న, బిల్లు 24న. బియ్యం కలిపిన టర్నోవర్, కలపనిది. జంటలో రెండింటికీ ఒకే జవాబు వస్తే ఏజెంటు తేల్చడం లేదు, అలవాటుగా చెబుతోంది.

మార్కులు మూడు విషయాలకు విడివిడిగా వేయండి: అడగాల్సింది అడిగిందా, తేల్చింది సరైనదేనా, చూపిన ఆధారం ఆ తేదీకి చెల్లుతుందా. సరైన జవాబు తప్పు ఆధారంతో వస్తే దాన్ని తప్పుగానే లెక్కించండి. స్కిల్ ఫైళ్లు లేకుండా కూడా ఒకసారి పరీక్ష నడపండి. కొన్ని ఫైళ్ల వల్ల తేడా ఏమీ రాదు, మోడల్‌కు అది ముందే వచ్చు. అలాంటివి తీసేయండి. ఫైలు పెట్టాక జవాబు చెడిపోతే సాధారణంగా కారణం రెండు ఫైళ్ల వివరణలు ఒకదాని మీదకి ఒకటి రావడం.

ఫెయిలైన ప్రతిసారీ "జాగ్రత్త" కింద ఒక వాక్యం చేర్చేయాలనిపిస్తుంది. కొన్నాళ్లకు ఫైలంతా జాగ్రత్తలే అవుతుంది. ముందు చూడండి: ఫైలు తెరిచిందా? తెరిస్తే, కావాల్సిన ముక్క దొరికిందా? దొరికితే, టూల్ పిలిచిందా? ఈ మూడూ సరిగ్గా జరిగాక కూడా తప్పు వస్తేనే వాక్యం చేర్చాలి.

ఎనిమిదో అంచె: దీనికి ఓ యజమానిని పెట్టండి

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం కొత్త రేట్లు ప్రకటించింది. ఆ రాత్రే వార్తలన్నీ నిండిపోయాయి. కొత్త రేట్ల నోటిఫికేషన్లు వచ్చింది 17న, అమలు 22 నుంచి. మధ్యలో ఉన్న ఆ రోజుల్లో ఏజెంటు వార్త చదివి కొత్త రేటు చెబితే షాపాయన తప్పు బిల్లు వేస్తాడు. అందుకని నియమం: పత్రికా ప్రకటన వస్తే "రాబోతోంది" అన్న గుర్తుతో చేర్చాలి, నోటిఫికేషన్ వచ్చాకే టేబుల్లో అమలు తేదీతో గడి మారాలి. మార్చే అధికారం పేరు పెట్టి ఒక్క మనిషికి ఇవ్వండి. ఫైలు పైన చివరగా సరిచూసిన తేదీ, సరిచూసినవారి పేరు ఉండాలి.

మోడల్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కూడా జంట ప్రశ్నల పరీక్ష మొదటి నుంచి మళ్లీ నడపండి. పాత మోడల్ కోసం రాసిన కొన్ని హెచ్చరికలు కొత్త మోడల్‌ను అతి జాగ్రత్తలోకి నెడతాయి, ప్రతిదానికీ "ఆడిటర్‌ను సంప్రదించండి" అనడం మొదలుపెడుతుంది. అది కనిపిస్తే "ఆపేయాల్సిన చోటు" భాగాలు దిద్దాలి: అప్పగించేటప్పుడు అప్పటిదాకా అడిగి తెలుసుకున్న తేదీలు, రాష్ట్రం, టర్నోవర్ లెక్క, ఎక్కడ ఆగిందో ఒక చీటీగా రాసి ఇవ్వాలని చేర్చండి. ఆడిటర్ గారు ఆ షాపాయనకు ఫోన్ చేసి "ఏ ఊరండీ?" నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే, ఆ చీటీలో ఏ గడి ఖాళీగా ఉందో చూసి దాన్నే ముందు సరిచేయండి.